తలుపు మీద పడని తీగ

గుడియాత్తం,
ఆదివారం పొద్దున.

పచ్చయమ్మకు,

ముందు నా అక్షరాలను మన్నించు. వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఐదో తరగతితో బడి మానిన చెయ్యి ఇది. ఆ తర్వాత యాభై ఏళ్ళు మగ్గం మీద ఆడిందే కానీ కాగితం మీద ఆడలేదు. నువ్వు పలమనేరు బడిలో చదివినదానివి, సరిచేసుకుని చదువుకో. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "ఊఁ, చెప్పు" అనగానే నాకు మాట నిలిచిపోతుంది.

ఇక్కడ నేనూ వల్లీ బాగున్నాము. కావేరిపాక్కంలో నువ్వూ మీ అక్కా బాగుంటే అదే చాలు. అక్క కాలి కట్టు ఎప్పుడు విప్పుతారో నువ్వు రాయలేదు.

నువ్వు అడిగినవాటికి జవాబు. దగ్గు తగ్గింది. ఊడ్చేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకుంటున్నాను. వల్లి పేర్ణాంబట్టు చెప్పుల కంపెనీకి పోయేముందే నాకు డబ్బా కట్టి ఇస్తోంది. బన్నూ టీతో గడపడం లేదు. ఒక్కో రోజు గడుపుతున్నాను, కోప్పడవద్దు.

పని ఎట్లుందని అడిగావు. ఈ జాబు దానికోసమే. ఈ వారం పెద్ద సంగతి జరిగింది. రాస్తుంటే చెయ్యి ముందుకు ఉరుకుతోంది. వరుసగా చెప్పనీ.

నేను ఊడ్చే భూపతి తలుపుల షెడ్డులో కంప్యూటరుతో నడిచే చెక్కుడు మెషీన్ ఉంది కదా. దాన్ని నడిపేది నివేద. మన వీధి చివరి మగ్గాల వాళ్ళ పిల్ల, డిప్లొమా చదివింది. కంప్యూటరులో బొమ్మ పెట్టి మీట నొక్కితే, గిరగిర తిరిగే బిట్ దిగి టేకు పలకను తొలుచుకుంటూ పోతుంది. తీగలూ హంసలూ కొయ్యలోంచి లేచి వచ్చినట్టు ఉంటాయి. నేను చీపురు పట్టుకుని చూస్తూ నిలబడిపోతాను.

పోయిన నెల దానికి ఒక రోగం పట్టింది. మొదట ఒకటి రెండు ఆకులు పడలేదు. తర్వాత తీగ వస్తూ వస్తూ ఆగిపోవడం, జానెడు మేర పలక నున్నగా అట్లే ఉండడం, అవతల మళ్ళీ తీగ మొదలవడం. పళ్ళికొండ అణ్ణామలై గారి కొత్త ఇంటి తలుపులకని తెచ్చిన పలకలు రెండు అట్లా పాడైపోయాయి. నివేద బిట్ మార్చింది, స్క్రూలు బిగించింది. కంప్యూటరులో చూస్తే తీగ ఎక్కడా తెగలేదు. పలక మీదనే తెగుతోంది.

బుధవారం భూపతి వచ్చి మూడో పలక కూడా అట్లే ఉండడం చూశాడు.

"చాలమ్మా," అన్నాడు. "సోమవారం నుంచి వేలూరు మనిషి వస్తాడు. నువ్వు వేరే యాడన్నా పని చూసుకో."

ఆ పిల్ల తల దించుకుని కంప్యూటరు వైపు తిరిగింది. వాళ్ళ నాయన మగ్గం అమ్మేశాక ఆ ఇల్లు నడిచేది ఆ పిల్ల మీదనే.

గురువారం నేను ఆ పలక చుట్టూ ఊడుస్తున్నాను. తీగ పడిన చోటంతా పొడి కుప్పలుగా ఉంది. పడని చోట చిటికెడు లేదు. బిట్ అక్కడికి పోలేదా అంటే, పోయింది. నేనే చూశాను. పోయి గాలిలో తిరిగి వచ్చింది. అరచెయ్యి పలక మీద పెట్టి మెల్లగా జరిపాను. మగ్గం మీద గుడ్డ ఎక్కడ వదులైందో చూసుకుంటాం కదా, అట్లా. నడిమధ్య చెయ్యి కొంచెం దిగింది.

"అమ్మా నివేదా."

షెడ్డులో చేరి ఆరు నెలలైంది. నేనుగా ఆ పిల్లను పిలవడం అదే మొదలు.

"ఏం తాతా, చీపురు కొత్తది కావల్నా?"

"కాదమ్మా. ఈడ గుంట ఉండాది."

"యాడ? నాకు తెలీలేదే."

"చెయ్యి మెల్లగా పోనీ."

ఆ పిల్ల చేతికి తెలియలేదు. ఇనుప స్కేలు తెచ్చి పలక మీద అడ్డంగా నిలబెట్టింది. వంగి చూసింది. స్కేలు కింద సన్నగా వెలుతురు!

"అయ్యో తాతా! నిజమే! పలకే వంగిపోయినాది!" అని కేక పెట్టింది. ఇద్దరం చిన్నపిల్లల మాదిరి వంగి వంగి పదిసార్లు చూశాము.

వెంటనే వేరే పలక తీయించి, చిత్రిక పట్టించి సమం చేసింది. అయినా ఆ పిల్లకు తృప్తి లేదు.

"తాతా, ఆ గుంట అర మిల్లీమీటరు కూడా లేదు. తీగ లోతు దానికి రెట్టింపు. గుంటలో కూడా సన్నగానన్నా గీత పడాల. అంటే బిట్టే పైన నిలబడిపోతా ఉండాది. ఈ బిళ్ళ అబద్ధం చెప్తా ఉండాదేమో."

బిళ్ళ అంటే ఇత్తడిది, రూపాయి కంటే పెద్దది. పని మొదలుపెట్టే ముందు దాన్ని పలక మీద పెడతారు. బిట్ దిగి దాన్ని తాకుతుంది. కొయ్య ఎంత ఎత్తులో ఉందో మెషీన్‌కు అట్లా తెలుస్తుంది. ఆ మాట వినగానే నేను చీపురు తీసుకుని పక్కకు జరిగాను. ఎందుకో కింద రాస్తాను.

ఆ పిల్ల అన్నం తిని వచ్చి, బిళ్ళను తిప్పి చూసి ఏమీ కనబడక, కొత్త పలక ఎక్కించి మీట నొక్కింది. రెండు గంటలు నేను కూర్చోలేదు. తీగ వచ్చింది, ఆగలేదు. హంస వచ్చింది. హంస ముక్కులో కాడ కూడా వచ్చింది. ఒక్క ఆకు వదల్లేదు పచ్చయమ్మా!

భూపతి నా భుజాలు పట్టి ఊపేశాడు. "పెద్దాయనా! అది చెయ్యి కాదయ్యా, కంప్యూటరు!" అని అందరికీ బోండా, టీ తెప్పించాడు. తర్వాత నివేద వైపు తిరిగాడు. "చూసినావా? చీపురు పట్టే మనిషి కనుక్కున్నాడు. డిప్లొమా పెట్టుకుని నువ్వు నెలగా ఏం జేస్తివి?"

వేలూరు మనిషి మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంతదాకా గొప్పగా రాశాను. ఇప్పుడు దాచిపెట్టింది రాస్తాను. ఆ బిళ్ళతో అబద్ధం చెప్పించింది నేనే.

మెషీన్ మీద పసుపు, కుంకుమ ఏదీ పెట్టొద్దని నివేద నేను చేరిన రోజే చెప్పింది. ఆయుధ పూజ నాడు అన్ని పనిముట్లకూ బొట్టు పెట్టి, దానికి మాత్రం ఒక పువ్వు చూపించి వదిలేశారు. నాకు మనసు ఒప్పలేదు. మగ్గానికి మనం గుడ్డకు మరక కాకుండా వెనకవైపు బొట్టు పెట్టేవాళ్ళం కదా. అట్లే, ఎవరికీ కనబడకుండా, ఆ బిళ్ళ అడుగున గంధం పెట్టాను. ఆ రోజు నుంచి రోజూ పెట్టాను. నిన్నటి దాని మీద నేటిది ఎండి గట్టిపడింది. ఇత్తడి రంగులో గంధం ఎవరికీ తెలియలేదు. ఆ పిల్ల అన్నానికి పోయినప్పుడు కుళాయి దగ్గర గీకాను. బొటనవేలి గోరంత మందాన పెంకు ఊడి వచ్చింది. కాలవలో వేసి, బిళ్ళ తుడిచి, ఉన్నచోటే పెట్టాను. పలకలో గుంట నిజమే. అది సగం. మిగతా సగం నా గంధం. అది బిళ్ళను ఎత్తినంత మేర కొయ్య పైన ఉందనుకుని, బిట్ పైపైనే తిరిగింది.

శుక్రవారం చెబుదామని రెండుసార్లు ఆ పిల్ల దగ్గరికి పోయి, ఊడ్చి వచ్చేశాను.

శనివారం అణ్ణామలై గారు తలుపు చూడటానికి వచ్చారు. భూపతి నా చెయ్యి పట్టి ముందుకు లాగి, "ఈయనే సార్," అని కథ మొదలుపెట్టాడు. అవతల నివేద తన నోటుపుస్తకం, అన్నం డబ్బా సంచిలో సర్దుకుంటోంది. మన పెళ్ళిలో అయ్యవారు నా పేరు అడిగితే మా చిన్నాయన చెప్పాడు, గుర్తుందా? అట్లాంటి నేను నలుగురిలో నోరు తెరిచాను.

"తప్పు నాది. బిళ్ళ కింద నేను గంధం పెట్తా వచ్చినాను. ఆయమ్మ వద్దనింది, నేనే వినలేదు. బేస్తవారం దొంగగా గీకేసినాను. ఆయమ్మ పనిలో తప్పు లేదు."

మొదట అణ్ణామలై గారు నవ్వారు. "మెషీన్‌నే సామిని చేసేస్తివే పెద్దాయనా!"

నివేద నవ్వలేదు. "నెల రోజులు తాతా," అంది. "నెల రోజులు నాకు అన్నం పోలేదు." అంతే అంది.

భూపతి ఫోను తీసి వేలూరు మనిషిని రావద్దన్నాడు. నివేదతో, "సంచి ఆడ పెట్టమ్మా," అన్నాడు. నాతో, "నువ్వు ఇంటికి పో. నిన్ను పెట్టుకునేదా వద్దా, ఆలోచన చేస్తా," అన్నాడు.

గేటు దాటుతుంటే వెనక నుంచి నివేద వచ్చింది. కోపం ఇంకా పోలేదు, ముఖంలో తెలుస్తోంది.

"సోమవారం ఎనిమిదిన్నరకంతా వచ్చేయండి. రెండో తలుపుకు పలకలు వస్తా ఉండాయి. మీరు చెయ్యి పెట్టి చూడకుండా నేను ఎక్కించను."

"భూపతి ఏమంటాడోనమ్మా."

"ఆయనకు మెషీన్ ఆన్ చేసేదే తెలీదు తాతా. నేను చూసుకుంటా."

ఇంటిదాకా నడిచి వచ్చాను, కాళ్ళు నేల మీద ఆనలేదు. నేను అన్న మాటలు వల్లికి చెబితే నమ్మక రెండోసారి చెప్పించుకుంది. నువ్వు కూడా నమ్మవు. అందుకే దాన్నే అడిగి తెలుసుకో.

నేను దాచింది తప్పే. ఆ పిల్లను అట్లా ఏడిపించినందుకు నువ్వు తిట్టినా పడతాను. కానీ నలుగురిలో చెప్పానే, దానికి ఏమంటావో అది కూడా రాయి. ఆలస్యం చెయ్యకుండా రాయి.

ఇట్లు,
వల్లి నాయన