గురువారానికి చేపలు వేయను

మదనపల్లె,
శుక్రవారం.

ప్రియమైన నాయనకు,

నీ భార్గవి రాసేది. ఫోను చేస్తే, గ్రానైట్ మిషన్ల మోత తిన్న నీ చెవులకు సగం వినబడదు, మిగతా సగం నీకు నచ్చినట్టు వింటావు. అందుకే ఉత్తరం.

ఇక్కడ డాక్టర్ యమున గారి పిల్లల ఆసుపత్రిలో ఆరడుగుల ఉప్పునీళ్ళ అక్వేరియం పెడుతున్నాను. వచ్చే గురువారం ఆసుపత్రి ప్రారంభం. ఆ రోజుకు చేపలు ఈదాల్సిందేనని ఆమె పట్టు. వేయనని చెప్పేశాను. సముద్రపు రాళ్ళు పేర్చి, ఉప్పు కలిపి, ఒక పచ్చిరొయ్య వేసి కుళ్ళనిచ్చాను. ఆ కుళ్ళులోంచి విషం పుడుతుంది. దాన్ని తినే కంటికి కనబడని జీవాలు రాళ్ళకు పట్టిన జిగురులో పెరగాలి. అవి పెరగకముందే చేపలు వేస్తే చంపినట్టే. రోజూ గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూస్తున్నాను. విషం ఇంకా పోలేదు, మరో పది రోజులైనా పడుతుంది.

"ఖాళీ తొట్టి సూసి జనాలు నవ్వుతారు గదమ్మా. వేరేవాళ్ళు రెండు దినాల్లో పెట్టిస్తామంటాండారు" అంది ఆమె.

"పెట్టించుకోండి మేడం. మూడోనాడు చచ్చిన చేపల్ని సూసి మీ కాడికొచ్చే పిల్లోళ్ళు ఏడుస్తారు. అప్పుడు నన్ను పిలవద్దండి" అన్నాను. మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. పోనీ! నా పని నాకు తెలుసు.

తెలుసు అని రాస్తున్నాను గానీ నాయనా, నీ దగ్గర దాచేదేముంది? పుంగనూరులో నా మొదటి అక్వేరియం అంగడి సంగతి ఇంకా మరిచిపోలేకుండా ఉన్నాను. అప్పుడూ నలభై రోజులు ఆగాను. నీళ్ళ పరీక్షలన్నీ సరిగ్గా వచ్చాకే బెంగళూరు పోయి చేపలు తెచ్చాను. తెరిచిన రోజు రాళ్ళు తెల్లగా మెరుస్తుంటే కొత్త లైటు వెలుగనుకుని మురిసిపోయాను. మూడోనాటికి పన్నెండు చేపలూ చచ్చి తేలాయి. "చేతగాని పని యాల పెట్టుకుంటివి?" అని నలుగురిలో అరిచావు. అంగడి మూసేశాను. ఆనాటి పరీక్షలు రాసుకున్న నోటుపుస్తకం ఇప్పటికీ తిరగేస్తుంటాను, తప్పెక్కడో దొరకదు.

నాలుగేళ్ళుగా రమ్మంటే ఏదో సాకు చెబుతావు. ఈ గురువారం రా. ఖాళీ తొట్టి పక్కన నీ కూతురు తలెత్తుకుని నిలబడుతుంది, చూద్దువుగాని.

నీ మొండి కూతురు,
భార్గవి


కుప్పం,
సోమవారం.

అమ్మా భార్గవీ,

నీ ఉత్తరం మూడు తూర్లు చదివితిని. రాళ్ళకు పట్టిన జిగురు అని రాసిన కాడనే మూడు తూర్లూ ఆగిపోతిని.

ఆ నోటుపుస్తకం పక్కన పెట్టెయ్ తల్లీ. అందులో తప్పు దొరకదు. తప్పు చేసింది నేను. నువ్వు చేపలకని బెంగళూరు పోయిన దినం అంగడి తుడుద్దామని వస్తిని. తొట్టిలో సూస్తే రాళ్ళనిండా గోధుమరంగు మురికి. ముప్పై ఏండ్లు గ్రానైటుకు పాలిష్ పట్టినోన్ని, రాయంటే మెరవాల గదా! బిడ్డ అంగడి తెరిచే పూట ఇంత మురికా అని రాళ్ళన్నీ బయటికి తీసి, బ్లీచింగ్ పౌడరేసి, బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగి, ఎట్లుండేవో అట్లే పెట్టేస్తిని. మెరిసే రాళ్ళు సూసి నువ్వు మురిసిపోతే నేనూ మురిసిపోతిని.

చేపలు తేలిన పొద్దే నాకు అనుమానమొచ్చింది. నోరు తెరిచి చెప్పేదానికి సిగ్గయి, నీ మిందనే అరిస్తిని. మదనపల్లె బస్సు పుంగనూరు మిందనే పోతాది. ఆ అంగడి తట్టు సూడలేకనే ఇన్నాళ్ళూ రాలేదు.

గురువారం వస్తాండాను. ఆ డాక్టరమ్మ ముందర నిలబడి, పుంగనూరులో పన్నెండు చేపల్ని చంపినోన్ని నేనే అని చెప్తా. నా కూతురు సరే అనేదాకా ఒక్క చేప కూడా వెయ్యొద్దండి అని చెప్తా. నీ రాళ్ళ జోలికి మాత్రం రాను, ఒట్టు.

నీ నాయన,
కొండప్ప