నీ స్కోర్‌బుక్‌లో మిగిలిన పేజీలు

అమ్మలూ,

నువ్వు పోయాక టీవీలో ఒక్కో ఆటా చూస్తూ నీ స్కోర్‌బుక్ నేనే రాస్తున్నాను, నువ్వు నేర్పినట్టే పెన్సిల్‌తో. ఇవాళ్టి నుంచి బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మె చేస్తామన్నారు. చేస్తే ఈ ఏడాదికి ఆట లేనట్టే, నీ పేజీలు ఖాళీగా ఉండిపోతాయి.

మధ్యాహ్నం మీ నాన్న టీవీ ముందు నుంచి పిలిచారు. "సెటిల్ అయిపోయిందే. ఇవాళ గేమ్ ఉంది."

"ఎవరు చెప్పారు?"

"టీముల ఓనర్లూ ప్లేయర్లూ నవ్వుతూ చేతులు కలిపారు. చూపించారు కూడా."

"అలాంటి నవ్వులు చాలా చూశాను."

"నీ అనుమానం పాడుగాను."

నీ ఆపరేషన్ చిన్నదేనని ఆ డాక్టరూ నవ్వుతూనే చెప్పాడు కదమ్మా. అందుకే పెన్సిల్ చెక్కుకున్నా, మొదటి బంతి కళ్లారా చూసేదాకా పేజీ మీద తేదీ వెయ్యలేదు.

ఇప్పుడే వేశాను. 'రాసినవారు' అని ఉన్నచోట ఎప్పటిలాగే నీ పేరు పెట్టాను.

అమ్మ