మేళం వైపు తిరిగిన కెమెరా

జగ్గయ్యపేట,
12-2-79

అమ్మకి,

నీ పెద్ద కూతురు దుర్గ దండాలు పెట్టి రాస్తోంది. మేం బాగానే ఉన్నాం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం చదవడం అయ్యేసరికి అదెంత నిజమో నీకే తెలుస్తుంది.

భ్రమర పెళ్ళి సంగతులు రాసిన నీ కార్డు అందింది. మన చిన్నదానికి వైశాఖంలో ముహూర్తం కుదిరినందుకు సంతోషం. పీటల మీద బాబాయీ పిన్నీ కూర్చుంటారనీ, నువ్వు లోపల వంటల సంగతి చూసుకుంటాననీ రాశావు. అలాగే కానీ. నాన్న పోయాక మనింట్లో శుభకార్యాలన్నీ అలాగే జరుగుతున్నాయి, నా పెళ్ళీ అలాగే జరిగిందిగా. ఫొటోలు మీ అల్లుడు తీస్తారని కూడా రాశావు చూడు, ఆ మాట దగ్గరే నా గుండె గుభేలుమంది. ఎందుకో చెబుతాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో, బాబాయికి చూపించకు.

మీ అల్లుడికి పాట పిచ్చి అని నీకు తెలుసు. ఎంత పిచ్చో తెలీదు. శ్రీరామనవమి పందిట్లో పాటకచ్చేరీ అయినా, దర్గా ఉరుసులో కవ్వాలీ అయినా, చర్చిలో సొలొమోను మాస్టారు హార్మోనియం పెట్టె తెరిచినా, ఆయన కెమెరా మెడలో వేసుకుని వెళ్ళి కూర్చుంటారు. ఎవరూ పిలవరు. ఆ ఫొటోలు ఎవరూ కొనరు. మిగతా ఫొటోగ్రాఫర్లు కచ్చేరీ మొదలవకముందే అందర్నీ వరసగా కూర్చోబెట్టి, నోళ్ళు మూయించి, ఫ్లాష్ వెలిగించి, పని ముగించుకుని పోతారు. ఈయన మాత్రం పాడుతుండగానే తీయాలంటారు. ఫ్లాష్ ముట్టుకోరు. కళ్ళల్లో మెరుపు కొడితే పాడేవాళ్ళ ధ్యాస చెదురుతుందట. మృదంగం పక్కన నేల మీద చతికిలబడి ముందు చాలాసేపు ఊరికే వింటారు. ఆ పాడే మనిషి ఎక్కడ తల ఎత్తుతాడో, ఎక్కడ కళ్ళు మూస్తాడో వింటూనే పట్టేస్తారు. ఆ చోటు మళ్ళీ వచ్చేదాకా కాచుకుని, మృదంగం మీద దెబ్బ పడేటప్పుడే మీట నొక్కుతారు, కెమెరా చప్పుడు పాటకి అడ్డు రాకూడదని. పెళ్ళాం పక్కగదిలోంచి నాలుగుసార్లు పిలిచినా వినపడని చెవులవి.

తిడదామని మొదలుపెట్టి పొగిడేస్తున్నాను. ఏం చెయ్యను, ఆ ఫొటోలు అలా ఉంటాయి. కిందటేడు చిల్లకల్లులో హరికథ చెప్పిన ఒకావిణ్ణి, గజ్జె కట్టిన కాలు ఇంకా నేలకి ఆనకముందు తీశారు. స్టూడియో గోడకి అది తగిలించి ఉంది. ఊడ్చేటప్పుడు ఆ కాలు దిగిందేమోనని ఇప్పటికీ ఒకసారి తలెత్తి చూస్తాను.

ఇక అసలు సంగతి. నందిగామలో తిరుపతిరావు గారని పత్తి వ్యాపారం చేసే పెద్దమనిషి ఉన్నారు. చనిపోయిన అన్నగారి కూతురు హైమావతికి ఆయనే పీటల మీద కూర్చుని పెళ్ళి చేశారు. ఫొటోలకి మీ అల్లుణ్ణి పిలిచారు. అంత పెద్ద పెళ్ళి మన స్టూడియోకి రావడం ఇదే మొదలు. ఇస్త్రీ చొక్కా తొడిగి నేనే బస్సెక్కించాను. మేళం సిలార్ సాయిబు గారిది. ఆయన సన్నాయి ఊదితే బస్టాండులో బస్సు తప్పిపోయినా కదలకుండా వినేవాళ్ళున్నారు.

పొద్దున ముహూర్తం. రీలులో ఒక్క ఫొటోనే మిగిలింది, దాన్ని తాళి కోసమే దాచారు. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు. అప్పుడు మీ అల్లుడు వెనక్కి తిరిగి సిలార్ సాయిబుని ఫొటో తీశారు.

నువ్వు నమ్మవు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను. పెళ్ళికొడుకు తాళి కడుతుంటే పెళ్ళి ఫొటోగ్రాఫరు మేళం వాళ్ళని ఫొటో తీశాడు. ఇంకో రీలు ఎక్కించేలోపు మూడు ముళ్ళూ పడిపోయాయి.

తిరుపతిరావు గారు పందిట్లోనే నిలబెట్టి అడిగారట. "ఏవయ్యా, మా పిల్ల మెళ్ళో తాళి పడతంటే నీకు సన్నాయాయన బుగ్గలు కావాల్సొచ్చినయ్యా?" అని. ఈయన తల వంచుకుని ఇంటికొచ్చారు. నేనూ అదే అడిగాను. దానికి ఆయన జవాబు ఇది: "ఇన్నేళ్ళూ గట్టిమేళం నా వీపు వెనకాలే మోగింది దుర్గా. ఒక్కసారన్నా చూళ్ళేదు. ఎవరూ చూసుండరు. అప్పుడు అందరూ తాళి వైపే చూస్తారుగా." ఆ మాటలో తప్పు పట్టలేకపోవడమే నా ఖర్మ.

కానీ అమ్మా, బజార్లో నవ్వుతున్నారు. ఒప్పుకున్న రెండు పెళ్ళిళ్ళవాళ్ళు వేరే స్టూడియోకి మారిపోయారు. ఆయన లేనప్పుడు ఏడ్చి, ఒక నిర్ణయానికొచ్చాను. మావయ్యకి సిమెంటు ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళున్నారుగా, ఈయనకేదన్నా ఉద్యోగం చూడమని అడుగు. స్టోర్లో అయినా సరే. నేను అడిగించినట్టు మీ అల్లుడికి తెలియకూడదు. స్టూడియో మూసెయ్యమని నా నోటితో నేను చెప్పలేను.

నీ దుర్గ


జగ్గయ్యపేట,
26-2-79

అమ్మా,

నీ జవాబు అందింది. మావయ్య మాట్లాడతానన్నందుకు సంతోషించాలి. సంతోషించలేకపోతున్నాను. ఏం జరిగిందో విను.

తాళి లేకపోయినా మిగతా ఆల్బం ఇవ్వాలి కదా. ఆయన చీకటిగదిలో ఫొటోలు వేస్తుంటే నేను టచింగ్ చేస్తున్నాను. టచింగంటే తెలుసుగా, నెగటివ్ మీద దుమ్ము పడితే ఫొటోలో తెల్ల మచ్చలొస్తాయి, వాటిని సన్నకుంచెతో నల్లగా కప్పెయ్యడం. ఆ పని ఇంట్లో నాదే. అన్నిటితోపాటు ఆ మేళం ఫొటో కూడా నా ముందు పెట్టారు. తిడదామనే చేతిలోకి తీసుకున్నాను. సిలార్ సాయిబు బుగ్గలు నిండుగా పొంగి ఉన్నాయి, మెడనరం బిగుసుకుంది, కళ్ళు మాత్రం నిద్రపోతున్న పిల్లాడి కళ్ళలా మూసి ఉన్నాయి. పక్కన డోలు కృష్ణయ్య చెయ్యి అసలు కనపడటంలేదు, చెయ్యి ఉండాల్సిన చోట పొగలాంటిది ఉంది. ఆ ఫొటో చూస్తే చెవులు మూసుకోవాలనిపించింది. నేను చూసినవాటిల్లో మీ అల్లుడి చేతి ఫొటో ఇంతకంటే గొప్పది లేదు. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు.

అయితే కృష్ణయ్య భుజం మీదుగా తెల్లటి చిన్న గీతలు చాలా ఉన్నాయి. "నెగటివ్ శుభ్రంగా తుడవలేదా" అని కసిరి, కుంచెతో నాలుగు కప్పేశాను. ఆయన నెగటివ్ కడిగి మళ్ళీ వేశారు. గీతలు మళ్ళీ వచ్చాయి, అవే చోట్ల. దుమ్మయితే కడిగితే పోవాలి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. దుమ్ము అలా వాలదు. అవి అక్షింతలమ్మా. గాల్లో ఉన్న అక్షింతలు.

అక్షింతలు పందిట్లోవాళ్ళు కదా వేస్తారు. ఇవి మేళం వాళ్ళ వెనకనుంచి, చీకటి తలుపులోంచి వస్తున్నాయి. ఆయన చీకటిగదిలోకి వెళ్ళి, ఆ తలుపున్న చోట వెలుగు తక్కువ పడేలా చెయ్యి అడ్డంపెట్టి, ఇంకో ఫొటో పెద్దదిగా వేశారు. ఈసారి ఆ నలుపులో ఒక ఆడమనిషి తేలింది. చెయ్యి ముందుకి చాచి ఉంది. నుదుట బొట్టు లేదు.

సిలార్ సాయిబు గారు అదే రోజు సాయంత్రం వచ్చారు, తన మూలంగా మాకు చెడ్డపేరొచ్చిందని బాధపడుతూ. ఫొటో చేతికిస్తే తనని తాను చాలాసేపు చూసుకుని, "ఊదేటప్పుడు నేనిట్టా ఉంటానా అమ్మా, మా ఇంటిది సుభాన్‌బీ ఎందుకు నవ్వుద్దో ఇప్పుడు తెలిసింది" అన్నారు. తలుపు దగ్గర మనిషిని చూపించాను. ఆయన వెంటనే గుర్తుపట్టారు.

"పెళ్ళికూతురు తల్లమ్మా, సుబ్బమ్మ గారు. తెల్లారగట్ట మాకు కాఫీలిచ్చింది ఆయమ్మే."

"మరి అక్కడెందుకు నిలబడింది?" అన్నాను. తెలియక కాదు, నోటికొచ్చింది.

"మేళం వాళ్ళని వేసేది లోపలి తలుపు పక్కనేగా. ప్రతి పెళ్ళిలోనూ మా వెనకాల ఎవరో ఒకళ్ళు ఉంటారమ్మా. తల్లో, మేనత్తో. బయటికి రారు, వాళ్ళకేవీ కనపడదు. తాళి పడిందని మా గట్టిమేళం వినే తెలుసుకుంటారు. అందుకే ఆ ఒక్క నిమిషం నేను ఊపిరి దాచుకోను."

ఇన్నేళ్ళుగా ఆయన ఎవరికోసం ఊదుతున్నారో విని నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. టీ పెట్టే వంకతో కాసేపు అక్కడే ఉన్నాను. మావయ్యని కాస్త ఆగమను.

నీ దుర్గ


జగ్గయ్యపేట,
9-3-79

అమ్మా,

నిన్న తిరుపతిరావు గారు ఆల్బం కోసం వచ్చారు. పదహారు రోజుల పండగ అయ్యిందేమో, హైమావతిని కూడా వెంటబెట్టుకొచ్చారు. వస్తూనే గొంతు పెంచారు. తాళి కట్టే ఫొటో లేని ఆల్బం వియ్యాలవారికి ఎట్లా చూపించాలని అడిగారు. న్యాయమైన కోపమే, కాదనను. మీ అల్లుడు వాదించలేదు, క్షమించమని కూడా అనలేదు. ఆల్బంలో తాళి కోసం ఖాళీగా వదిలిన పేజీ తెరిచి, అందులో ఆ మేళం ఫొటో పెట్టి, హైమావతి ముందుకి జరిపారు.

"మళ్ళీ ఇదేనా. ఈ మేళం ఫొటో మాకెందుకయ్యా?" అన్నారాయన.

ఆ పిల్ల పేజీ దగ్గరికి లాక్కుని వేలు పెట్టింది. ముందు సిలార్ సాయిబుని చూసింది, తర్వాత కృష్ణయ్యని చూసింది. తర్వాత వేలు తలుపు దగ్గర ఆగిపోయింది.

"బాబాయ్, ఇందులో అమ్మ ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. "వదినా? వదిన అక్కడెందుకుంది?" అన్నారు.

"ఇంకెక్కడ ఉండనిచ్చారు బాబాయ్?" అంది.

గట్టిగా అనలేదమ్మా. మామూలుగానే అంది. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఏడుస్తూనే చెప్పింది, తల వంచుకుని ఉన్నా ఆ వేళ కళ్ళు అమ్మకోసమే వెతికాయనీ, అమ్మ నాలుగు అక్షింతలైనా వెయ్యకుండానే తన పెళ్ళి అయిపోయిందని అత్తారింట్లో రోజూ అనుకుంటోందనీ. తెల్లగీతలు ఒక్కొక్కటీ వేలితో తాకి చూసుకుంది. వాటిలో నాలుగింటిని మొదటి ఫొటోలో దుమ్మనుకుని కుంచెతో కప్పేసింది నేనే.

తిరుపతిరావు గారు గొంతు తగ్గించి, "ఇట్టాంటిదే ఇంకోటి పెద్దది వెయ్యవయ్యా. మా హాల్లో పెట్టుకుంటాం" అన్నారు. వెళ్తూ వెళ్తూ మెట్టు దగ్గర ఆగి, "తీసేటప్పుడే నీకు కనపడిందా, మా వదిన?" అని అడిగారు. మీ అల్లుడు అబద్ధం ఆడలేరు కదా. "లేదండి. నేను సన్నాయే చూసా" అన్నారు. ఆ మాటకి ఆయన మొదటిసారి నవ్వారు.

మావయ్య ఉత్తరం కూడా నిన్ననే వచ్చింది. స్టోర్లో ఉద్యోగం ఉందట, వచ్చి కనపడమన్నాడు. ఇక దాచలేక ఈయనకి అంతా చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. "ఫ్యాక్టరీలో మేళం ఉంటుందా?" అని అడిగారు. ఉండదన్నాను. "అయితే నువ్వే రాసెయ్యి" అని మళ్ళీ చీకటిగదిలోకి వెళ్ళిపోయారు. వద్దని రాసేశాను. బజారు నవ్వితే నవ్వనీ. ఇలాంటి మనిషికి టచింగ్ చేసి పెట్టడం నాకు గొప్పే.

వాళ్ళు వెళ్ళాక నా పెళ్ళి ఆల్బం తీశానమ్మా. ఏ పేజీలోనూ నువ్వు లేవు. పిన్ని ఉంది, బాబాయి ఉన్నాడు, ఎవరో పేరు తెలియని ముసలాయన కూడా మూడు ఫొటోల్లో ఉన్నాడు. ఆ ఆల్బం ఎన్నిసార్లు తిప్పానో, ఎంతమందికి చూపించానో, నువ్వు లేవన్న సంగతి ఒక్కసారీ నాకు తట్టలేదు. నా మెళ్ళో తాళి పడినప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు? నువ్వూ మేళం వినే తెలుసుకున్నావా? నీ చేతిలో అక్షింతలున్నాయా? ఈ మూడింటికీ జవాబు రాయి. వంటల సంగతి రాయకు.

భ్రమర పెళ్ళికి మేం ముందుగానే వస్తాం. మేళానికి సిలార్ సాయిబు గారికి చెప్పేశాం. నువ్వు పందిట్లో, భ్రమర పక్కన నిలబడాలి. బాబాయితో నేను మాట్లాడతాను, పిన్ని నావైపే ఉంటుంది. ఎవరన్నా మూతి తిప్పితే తిప్పుకోనీ. కాదూ, లోపలే ఉంటానంటావా, నీ ఇష్టం. బలవంతం చెయ్యను. కానీ మీ అల్లుడు ఒక మాట చెప్పమన్నారు. గట్టిమేళం మోగేటప్పుడు నువ్వు ఏ తలుపు వెనక ఉంటే కెమెరా ఆ తలుపు వైపే తిరుగుతుందట. ఆయన ఎంతకైనా తగుదురని నీకిప్పుడు తెలుసు. మన చిన్నదానికి తాళి ఫొటో ఉండాలో వద్దో నువ్వే తేల్చుకో.

నీ దుర్గ