దొనాతో గారి పళ్ళెం

చివితెల్లా, నవంబరు 2

మావయ్యకి,
జ్వరం తగ్గింది, అత్తయ్యని బెంగపడొద్దను. నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఎర్సీలియా నన్ను నిన్న ఈ కొండ మీది ఊళ్ళో వాళ్ళక్కయ్య ఇంటికి తీసుకొచ్చింది. ఇక్కడ మన పెద్దల అమావాస్యలాంటి పండక్కి చనిపోయినవాళ్ళు భోజనానికి వస్తారని వాళ్ళకీ ఒక పళ్ళెం వడ్డించి ఉంచుతారు. తెలిసి కూడా, కొండెక్కిన ఆకలిలో ఆ కుర్చీలోనే కూర్చుని, సన్న మాంసపుండల పాస్తా నోట్లో పెట్టేశాను.

"అయ్యో పిల్లా, అది మా బావది!" అంది ఎర్సీలియా. దొనాతో గారు మొన్న వేసవిలోనే పోయారు.

నేను లేవబోతే ఆయన భార్య నా భుజం పట్టి కూర్చోబెట్టింది. "తిననీవే. ఆకలితో వచ్చినవాళ్ళని మీ బావ ఏనాడైనా లేపాడా? ఇంకాస్త వడ్డించు" అంది. తల వంచుకుని అంతా తిన్నాను.

ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపించు. అమ్మమ్మ వండే పెద్ద ఇత్తడి గిన్నె అమ్మకండి.

అమ్మమ్మ సంవత్సరీకానికి రాలేను. కాకి పిండం ముట్టకపోతే అది ఆవిడకి నా తిండి గురించిన బెంగే. హైమ కడుపునిండా తింటోందని గట్టిగా చెప్పు, ముడుతుంది.

నీ మేనకోడలు,
హైమ