ఇప్పచెట్ల మహారాజు నంబరు

మహారాజా,

నిన్న చర్ల దారిలో పోలీసులు బండి ఆపి నా ఫోన్ తీసుకున్నారు. నీ నంబరు దగ్గర ఎస్సై వేలు ఆగింది.

"ఇప్పచెట్ల మహారాజు ఎవడు? ఏ దళం?"

"దోస్తు సార్. సరదాకు బిరుదులు పెట్టుకున్నం. నిరుడు జరమొచ్చి పోయిండు."

"పోయినోడి నంబరెందుకు?"

స్పీకర్ పెట్టి నొక్కాడు. రింగవుతోంది. పక్కనున్న జవాను తుపాకీ సర్దుకున్నాడు. ఎకరం లేని నీ రాజ్యం నా ప్రాణం మీదికి తెచ్చిందనుకున్నాను.

వదినె ఎత్తింది. నీ ఫోన్‌కి ఇంకా ఛార్జింగ్ పెడుతోంది. అచ్చం నువ్వు పిలిచినట్టే పిలిచింది.

"చెప్పుండ్రి దివాన్‌జీ! రేపు మీ మహారాజు సంవత్సరీకం. జల్దీ రాండ్రి."

ఎస్సై ఫోన్ కట్ చేసి నా చేతిలో పెట్టాడు. నవ్వలేదు.

"పోండి, దివాన్‌జీ."