పదహారు అరల పెట్టె మీద ముఠా హక్కు

కారంపూడి,
3-2-2025

గుంటూరు ఆఫీసులో కంప్యూటర్ల పెత్తనం చేసే చందన గారి సముఖమునకు,

నా పేరు పల్లపు రాములమ్మ. వయసు డెబ్బై ఒకటి అని ఆధార్ కార్డు అంటుంది, డెబ్బై నాలుగని మా అక్క అంటుంది. కీర్తిశేషుడు కోటయ్య భార్యను, కారంపూడి కాపురస్తురాలిని. ఇంట్లో నేను, కొడుకు, నోరు తగ్గని కోడలు నాగలక్ష్మి, రెండు బర్రెలు. మీ మిర్చి గోదాము గేటు దగ్గర ఎగుమతి దిగుమతులు చేసే పద్నాలుగు మంది ముఠాకు ఇరవై ఏళ్ళుగా మేస్త్రీని. నాకు చదువు రాదు. నేను చెప్పగా ఖాజా మొహిద్దీన్ రాస్తున్నాడు. ఇతను గురజాల కోర్టు ముందు దస్తావేజులు రాసి రాసి ఇంటికొచ్చిన మనిషి. సంగతేందో ఫోనులో చెప్పుకోమని మీ గుమస్తా అన్నాడు. ఫోనులో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట కోర్టుకు పోతుంది.

నా ఫిర్యాదు ఇది. మొన్న శనివారం లారీలో ఒక చెక్కపెట్టె వచ్చింది. మా ముఠా దించి గోదాము అరుగు మీద పెట్టింది. అంతవరకు ధర్మమే. ఆ తర్వాత మీ ఇంజనీరు దుర్గాప్రసాద్ ఇద్దరు మనుషులను వెంటేసుకొచ్చి, మా కళ్ళముందే చెక్కలు ఊడదీసి, లోపలున్న ఇనుప డబ్బాలోంచి పలకల్లాంటివి ఎనిమిది బయటికి లాగాడు. ఖాళీ డబ్బాను కంప్యూటర్ల చల్లగదిలోకి మోసుకుపోయి ఇనుప బీరువాలో బిగించారు. మళ్ళీ ఆ ఎనిమిదీ ఒక్కొక్కటే మోసుకుపోయి అందులో దోపారు. ఒక బరువును తొమ్మిది బరువులు చేసి, తొమ్మిదీ మా చెయ్యి తగలకుండా మోశారు.

"ఏందయ్యా ఈ అన్యాయం?" అంటే "ఇది మోత కాదు పెద్దమ్మా, ఇన్‌స్టలేషన్" అన్నాడు.

గేటు లోపల దిగిన సరుకు మా భుజం మీదుగానే కదలాలన్నది మా మామ కాలం నుంచీ ఉన్న హక్కు. ఈ రోజు పలకలన్నారు. రేపు టిక్కీ బస్తా విప్పి మిరపకాయలు దోసిళ్ళతో మోసుకుని, ఇదీ ఇన్‌స్టలేషనే అంటారు. ఎల్లుండికి గేటు దగ్గర మా పద్నాలుగు మందికి నిలబడే చోటుండదు. కాబట్టి ఆ ఎనిమిదీ బయటికి తీయించండి. మేమే తిరిగి లోపల పెడతాం.

ఇట్లు,
పల్లపు రాములమ్మ (వేలిముద్ర)
సాక్షులు: ప్రేమమ్మ, పేతురు, ముఠా మనుషులు

వ్రాసినవాడి మనవి: దుర్గాప్రసాద్ గారి గురించి అమ్మ చెప్పిన రెండు వాక్యాలు కాగితానికి తగవని వదిలేశాను. కావాలంటే విడిగా పంపగలను.


గుంటూరు,
5-2-2025

గౌరవనీయులైన రాములమ్మ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆ ఇనుప డబ్బాను ఛాసిస్ అంటారు. అందులో పదహారు అరలుంటాయి. మీరు చూసిన ఒక్కో పలక ఒక్కో కంప్యూటరు, బ్లేడ్ సర్వర్ అంటాం. వాటికి దేని కరెంటు దానికి, దేని ఫ్యాను దానికి ఉండవు. డబ్బా వెనకాల ఉన్నవాటినే అన్నీ పంచుకుంటాయి. మన ఆరు గోదాముల టోకెన్లు, తూకాలు, కెమెరాలు ఇకమీదట దాని మీదే నడుస్తాయి.

నిండు డబ్బా నూటయాభై కిలోలు దాటుతుంది. అందుకని పలకలు తీసి, ఖాళీ డబ్బాను బిగించి, ఆ తర్వాతే పలకలు పెట్టాలని తయారుచేసినవాళ్ళ పుస్తకంలోనే ఉంది. మీ హక్కును తప్పించుకోవడానికి చేసిన పని కాదు. ప్రస్తుతం ఎనిమిది అరలే నిండాయి. మిగతా ఎనిమిదింటికీ గాలి పక్కదారి పట్టకుండా ఉత్త మూతలు పెట్టాం.

బిగించిన పలకలను ఇక కదిలించే పనే ఉండదు. మీ ముఠా హక్కును కంపెనీ ఎప్పుడూ గౌరవిస్తుంది.

భవదీయురాలు,
చందన

తా.క.: ఆ చెక్కపెట్టెను లారీ మీద నుంచి ఎంతమంది దించారు? దానికి యంత్రం కావాలని మా పుస్తకంలో ఉంది.


కారంపూడి,
10-2-2025

చందన గారికి,

పై ఉత్తరంలోని రాములమ్మనే. వయసు ఒక వారం పెరిగింది, మిగతా వివరాలు అవే. పెట్టెను దించింది నలుగురం. అందులో ఒకరికి మోకాలి నొప్పి.

మీ ఉత్తరంలో "హక్కును కంపెనీ ఎప్పుడూ గౌరవిస్తుంది" అన్న ముక్క మూడుసార్లు చదివించుకున్నాను. మంచి ముక్క. ఖాజా దాన్ని జిరాక్సు తీసి గేటుకు అంటించాడు.

హక్కు తేలని సరుకును వదిలి పోయే అలవాటు మాకు లేదు. అది దిగిన రోజు నుంచీ చల్లగది గుమ్మంలో వంతులేసుకుని ఇద్దరిద్దరం కూర్చుంటున్నాం. శనివారం దుర్గాప్రసాద్ వచ్చి, యంత్రం నత్తలాగా నడుస్తోందని ఆరో నంబరు పలక మీద చెయ్యి వేశాడు. కదిలించే పనే ఉండదని మీరు రాసి మూడు రోజులే అయింది. ప్రేమమ్మ అడ్డం నిలబడింది.

"నడస్తా ఉన్నదాంట్లోంచి పీకుతావేంది నాయనా? ఆపి పీకు."

"ఆపక్కర్లేదండీ. ఒకటి తీసినా మిగతావి నడుస్తాయి."

"నడిచే లారీలోంచి బస్తా దించినోడు మా ముఠాలోనూ ఒకడున్నాడు. ఆర్నెల్లుగా మంచం మీదున్నాడు."

తీయడం ఒక దిగుమతి, పెట్టడం ఒక ఎగుమతి. ఆ రెండూ మావేనని కాగితం రాసిచ్చేదాకా పలక కదలదు. మీ ఇంజనీరు అరుగు మీద అలిగి కూర్చుంటే మజ్జిగ ఇచ్చాం. పేచీ పని మీదే గాని మనిషి మీద కాదు.

ఇట్లు,
పల్లపు రాములమ్మ (వేలిముద్ర)
సాక్షులు: ప్రేమమ్మ, పేతురు

తా.క.: ఆ గది చానా చల్లగా ఉంది. ప్రేమమ్మ తన వంతు అయిపోయినా ఇంటికి పోనంటోంది.


గుంటూరు,
12-2-2025

రాములమ్మ గారికి,

సోమవారం నుంచి కొత్త పంట దిగుతుంది. యంత్రం ఇలాగే నడిస్తే టోకెన్లు ఆగిపోయి గురజాల రోడ్డు పొడుగునా లారీలు నిలబడతాయి. అప్పుడు పెద్దలు నన్నే అడుగుతారు. ఆరో నంబరును తీసి చూడక తప్పదు.

సరే, మీ ముఠాయే తీసి పెట్టవచ్చు. అయితే ఇది సున్నితమైన పని. పుస్తకంలోని నియమాలన్నీ పాటించాలి. మణికట్టుకు మేమిచ్చే పట్టీ కట్టుకుని దాని కొస బీరువాకు తగిలించాలి. పలకను రెండు చేతులతో తిన్నగా లాగాలి. అర ఖాళీ అయితే వెంటనే మూత పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పని చేసేవారి ఒంటి మీద ఎలాంటి లోహమూ ఉండకూడదు. ఒక్క నియమం తప్పినా ఆ పని మీద మీ హక్కు చెల్లదు.

భవదీయురాలు,
చందన

తా.క.: నియమాలు కఠినమైనవేనని తెలుసు. కుదరకపోతే దుర్గాప్రసాద్ గారికి వదిలేయండి. మేమేమీ అనుకోము.


కారంపూడి,
15-2-2025

అమ్మాయి చందనకు,

కారంపూడి కాపురస్తురాలు, ముఠా మేస్త్రీ, పల్లపు రాములమ్మ చెప్పి రాయించేదేమంటే,

నీ నియమాలు అరుగు మీద అందరి ముందూ చదివించాను. లోహం మాట రాగానే ముఠా సగం లేచిపోయింది. మగవాళ్ళకు మొలతాళ్ళు, వాటికి వెండి తాయెత్తులు. బతికుండగా విప్పేది లేదన్నారు. పేతురు వేలి ఉంగరం ముప్పై ఏళ్ళుగా ఊడలేదు. ఆడవాళ్ళకు తాళి, మెట్టెలు. "నీ కొడుకు గుండ్రాయిలాగా తిరుగుతా ఉంటే నన్ను తాళి తీయమంటావా అత్తా?" అని నాగలక్ష్మి చీపురు తీసింది. ఇక మిగిలింది మొగుళ్ళు పోయిన నేను, ప్రేమమ్మ. పెళ్ళివారు బయల్దేరితే మా ఇద్దరినీ పక్క సందులోకి పొమ్మంటారు. మీ పెట్టె మాత్రం ఊరందరినీ పక్కకు పొమ్మని మమ్మల్నే రమ్మంది. మీ దుర్గాప్రసాద్‌ను కూడా అడిగాను. సిగ్గుపడ్డాడు. వెండి మొలతాడుంది. నీ పుస్తకం ప్రకారం అతనూ పనికిరాడు. గుమ్మంలో నిలబడి ఎట్లా లాగాలో నోటితో చెప్పాడు.

పట్టీ కట్టుకుని ఆరో నంబరు లాగాను. చేతిలో పడగానే తెలిసింది, తేలిక. టిక్కీ భుజాన పడితే ఎన్ని కిలోలు తగ్గిందో చెప్పే మనిషిని. ఒక్కొక్కటే తీసి, కాటా మీద పెట్టి, తిరిగి దోపాం. ఆరింటికి ఒకటే తూకం. ఆరో నంబరు, ఏడో నంబరు మాత్రం చెరొక కిలోపావు తక్కువ. ఆ రెంటినీ గుమ్మం దగ్గరికి తెచ్చిస్తే దుర్గాప్రసాద్ వాటి మూతలు విప్పాడు. లోపల ఒక పక్క ఉండాల్సిన సామాను అసలు లేదు. అతను చెమట తుడుచుకుని తెర వెలిగించాడు. "ఈ రెంటిలో సగం సామానే ఉంది" అని మొదటి రోజు నుంచీ దాని మీద ఎర్రక్షరాలతో ఉందట.

"మరి చూళ్ళేదా నాయనా?"

"చూశానండీ. చదవలేదు."

సగం బలమున్న రెంటికీ నిండు పని మోపడం వల్లే యంత్రం ఈడ్చుకుపోయిందట. తూకం తగ్గిన సరుకును గోదాములో పెట్టడం మా కట్టుబాటు కాదు. రెంటినీ బయటే ఉంచి, అరలకు ఉత్త మూతలు బిగించాం. మిగతా ఆరూ పరుగెత్తుతున్నాయి. సోమవారం టోకెన్లకు ఢోకా లేదు.

ఇక నీ సంగతి. సరుకు రసీదు దుర్గాప్రసాద్ చూపించాడు. "అన్నీ సరిచూసుకుని తీసుకున్నాము" అన్నదాని కింద సంతకం నీది. గుంటూరులో కూర్చుని కారంపూడి అరుగు మీది సరుకును ఎట్లా సరిచూశావమ్మా? చదువు రానిదాన్ని నేను, వేలు సిరాలో ముంచే ముందు మూడుసార్లు చదివించుకుంటాను.

అమ్మినవాళ్ళు ఊరుకోరు. మేము నిండుగానే ఇచ్చాం, మీ దగ్గరే ఎవరో పీక్కున్నారు అంటారు. అప్పుడు నీ ఉద్యోగం, ఇతని ఉద్యోగం కలిసే పోతాయి. పెట్టె దిగిన గడియ నుంచి ఈ గడియ దాకా అందులోంచి సూది కూడా బయటికి పోలేదని చెప్పగలిగింది గుమ్మంలో కూర్చున్న మా ముఠా ఒక్కటే. ఆ సాక్ష్యం కాగితం ఖాజా రాసి ఉంచాడు, నా వేలు కూడా పడింది. గోదాములో పలకైనా టిక్కీ అయినా మా చేతుల మీదుగానే కదలాలని నువ్వు ఒక కాగితం రాసి సంతకం చెయ్యి. నీ కాగితం గుంటూరు బస్సు దిగగానే నా కాగితం అదే బస్సు ఎక్కుతుంది.

నిన్ను బెదిరించడానికి రాయించింది కాదు. బెదిరించేట్టు రాయమంటే ఖాజా ఇంకా బాగా రాస్తాడు.

తా.క.: నువ్వే వచ్చి స్వయంగా చూస్తానంటే రా, అన్నం తిని పోదువు. కానీ మెడలో తాళి ఉంటే గుమ్మం దగ్గరే నిలబడాలి.

వ్రాసినవాడి మనవి: ఈసారి అమ్మ చెప్పినదంతా రాశాను. వదిలేయవలసినంత మాట ఏదీ రాలేదు, అదే నాకు భయంగా ఉంది.

ఇట్లు,
పల్లపు రాములమ్మ (ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

సాక్షులు:
1. ప్రేమమ్మ (వేలిముద్ర)
2. దుర్గాప్రసాద్, కంపెనీ ఇంజనీరు (చదివే సంతకం చేశాను)