ఫ్లోరాకు కొట్టిన చప్పట్లు

సామ్రాజ్యం అక్కకు తమ్ముడు క్రీస్తురాజు వందనాలు. పిల్లల ఒంటి మీద దద్దుర్లు తగ్గాయి, బెంగపడవద్దు.

ఆసాములు చేలల్లో మందు కొట్టిస్తే ఆ గాలంతా మన పాళెం మీదికే వస్తుందని నీకు తెలుసు కదా. దాన్ని ఆపించాలని నీ మరదలు ఫ్లోరా ఆడవాళ్లను కూడగట్టింది. మొన్న నెల్లూరు మీటింగులో మాట్లాడితే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర నన్ను ఫ్లోరా మొగుడు అంటున్నారు. ఇన్నేళ్లు ఆ మందు డబ్బా వీపున మోసి, వాంతులు చేసుకున్నది నేను. పేరు మాత్రం ఆమెకు వచ్చింది. కడుపు మండిపోతోందక్కా. ఫోన్లో చెబితే ఆమె వింటుందని కార్డు రాస్తున్నాను.

నిన్న ఆసామి పిలిచి, "రేపు మందు కొట్టాల, వస్తావా?" అన్నాడు.

"పాళెం పక్కన కొట్టను సామీ. నా బిడ్డలు ఆడనే ఉండారు" అన్నాను.

కూలి పోయింది. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ లేరు. ఇంటికొచ్చి చెబితే ఫ్లోరా, "మంచి పని చేసినావు" అని చెప్పులేసుకుని ఇంకో మీటింగుకు పోయింది.

బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? వేపగింజలు ఒక బస్తా నాయుడుపేట బస్సులో వేయించు. వాటితో కషాయం చేసి, ఆ మందుకు బదులు చేలకు కొట్టి చూపిస్తాను. పిల్లలకు ముద్దులు. జవాబులో నాకు ఒక్క శభాష్ రాయక్కా, ఫ్లోరాకు వినపడేలా చదువుకుంటాను.